థీసిస్ బొమ్మలకు కాపీరైట్ అనుమతి: రైట్స్‌లింక్ ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

థీసిస్ రాసేవాళ్లలో చాలామందికి, ఇతరుల పేపర్లలోని బొమ్మలకు ఆన్‌లైన్‌లో అనుమతి ఇప్పించే రైట్స్‌లింక్ అనే సేవ పేరు సబ్మిషన్‌కు నెల ముందు గానీ చెవిన పడదు. అప్పటికే లిటరేచర్ రివ్యూ చాప్టర్‌లో ఇతరుల పేపర్ల నుంచి తెచ్చిన బొమ్మలు పాతికో ముప్పయ్యో చేరి ఉంటాయి. ప్రతి బొమ్మ కింద రిఫరెన్స్ నంబరు ఉంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. రిఫరెన్స్ ఇవ్వడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు. మొదటిది లేకపోతే ప్లేజియరిజం, రెండోది లేకపోతే కాపీరైట్ ఉల్లంఘన. యూజీసీ 2018 నిబంధనల్లోని పోలిక శాతాలు, 10 శాతం దాకా పెనాల్టీ లేదన్న లెక్క, మొదటిదానికే వర్తిస్తాయి. ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్ ప్రధానంగా అక్షరాలనే పోలుస్తుంది కాబట్టి, రిపోర్టులో 4 శాతమే వచ్చిన థీసిస్‌లో కూడా అనుమతి లేని బొమ్మలు ఇరవై ఉండొచ్చు.

బైండింగ్ చేయించిన కాపీలు డిపార్ట్‌మెంట్ బీరువాలోనూ లైబ్రరీలోనూ ఉండిపోయిన రోజుల్లో ఎవరూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఉస్మానియాలో చేసినా, ఆంధ్రా యూనివర్సిటీలో చేసినా థీసిస్ పూర్తి పాఠం శోధ్‌గంగకు వెళ్తుంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఆ భాండాగారం నుంచి ఏ దేశంలోని వారైనా పైసా కట్టకుండా పీడీఎఫ్ దించుకోవచ్చు. కాబట్టి థీసిస్‌ను కూడా ప్రచురణగానే లెక్కవేసుకోవాలి. అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్లకు ఇదే అవసరం అక్కడి థీసిస్‌ల భాండాగారం ప్రోక్వెస్ట్‌లో థీసిస్ అప్‌లోడ్ చేసేటప్పుడు ఎదురవుతుంది.

రైట్స్‌లింక్‌ను నడిపేది కాపీరైట్ క్లియరెన్స్ సెంటర్. 1978లో మొదలైన ఈ లాభాపేక్ష లేని సంస్థ కార్యాలయం అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, డాన్‌వర్స్‌లో ఉంది. హక్కులు ఈ సంస్థవి కావు. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ, ఐఈఈఈ లాంటి ప్రచురణకర్తలు తమ షరతులు, ధరలు ముందే ఇందులో పెట్టి ఉంచుతారు. మనం ఫారం నింపితే వాటి ప్రకారం లైసెన్సు అక్కడికక్కడే తయారవుతుంది. మధ్యలో మనిషి లేడు. దీని బలమూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి.

థీసిస్ అవసరానికి ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. లైసెన్సు నిమిషాల్లో వస్తుంది, పెద్ద ప్రచురణకర్తల దగ్గర థీసిస్‌కు సాధారణంగా ఖర్చు సున్నా, లైసెన్సు నంబరుతో పీడీఎఫ్ చేతికొస్తుంది. అచ్చు పుస్తకానికైతే రెండు మార్కులే. ఆ కారణాలు తర్వాత చెప్తాం. థీసిస్‌కు ఆ ఒక్క మార్కు తగ్గించింది ఒకే లోపం వల్ల: రైట్స్‌లింక్‌కు పేపర్ ఎవరిదో తెలుసు, పేపర్ లోపలి బొమ్మ ఎవరిదో తెలియదు.

మొదటి మెట్టు: పేపర్ పేజీ నుంచే వెళ్లాలి

కాపీరైట్ క్లియరెన్స్ సెంటర్ సైటులో పత్రిక పేరు వెతుక్కుంటూ పోవడం చుట్టుదారి. వాడుకోవాలనుకున్న పేపర్ పేజీ తెరిచి అక్కడి లింకు నొక్కితే శీర్షిక, పత్రిక, తేదీ, డీఓఐ (పేపర్‌ను గుర్తించే శాశ్వత సంఖ్య) అన్నీ ఫారంలోకి వాటంతటవే వస్తాయి. సైన్స్‌డైరెక్ట్‌లో ఆ లింకు రచయితల పేర్ల కింద 'గెట్ రైట్స్ అండ్ కంటెంట్' అని ఉంటుంది. స్ప్రింగర్, నేచర్ పేజీల్లో బాగా కిందికి, రిఫరెన్సులు దాటాక 'రీప్రింట్స్ అండ్ పర్మిషన్స్' అని కనిపిస్తుంది. వైలీలో 'టూల్స్' మెనూ తెరిస్తే 'రిక్వెస్ట్ పర్మిషన్' ఉంటుంది. ఐఈఈఈ ఎక్స్‌ప్లోర్‌లో శీర్షిక దగ్గర చిన్న గుర్తుగా ఉంటుంది, తేలిగ్గా కంటికి ఆనదు. నొక్కినా ఏమీ తెరుచుకోకపోతే బ్రౌజర్ పాప్-అప్‌ను ఆపేసిందేమో చూడాలి.

ఫారం నింపడం

ఎల్సెవియర్ పేపర్‌లోంచి మూడో బొమ్మ కావాలనుకుందాం. మొదటి ప్రశ్న, దేనికి వాడతారు? జాబితాలో పుస్తకం, పత్రిక, ప్రెజెంటేషన్, వెబ్‌సైట్ ఇలా చాలా ఉంటాయి. 'రీయూజ్ ఇన్ ఎ థీసిస్/డిసర్టేషన్' ఎంచుకోవాలి. ధర పడేది ప్రధానంగా ఈ ఒక్క ఎంపిక మీదే. శోధ్‌గంగలో పెడతాం కదా అని 'వెబ్‌సైట్' ఎంచుకునేవాళ్లున్నారు, వెంటనే డాలర్లలో అంకె కనిపించి కంగారుపడతారు. థీసిస్ థీసిసే, అది ఎక్కడ భద్రపడుతుందన్నది తర్వాత వచ్చే 'ఫార్మాట్' ప్రశ్నలో చెప్పాలి. అక్కడ 'ప్రింట్' అని ఒక్కటే పెడితే శోధ్‌గంగ ప్రతికి అనుమతి లేనట్టే. 'బోత్ ప్రింట్ అండ్ ఎలక్ట్రానిక్' పెట్టాలి. నిర్లక్ష్యంగా దాటేసే గడుల్లో ఇది మొదటిది.

ఎంత భాగం అన్నచోట 'ఫిగర్స్/టేబుల్స్/ఇలస్ట్రేషన్స్', ఎన్ని అన్నచోట సంఖ్య. ఒకే పేపర్ నుంచి మూడు బొమ్మలు తీసుకుంటుంటే ఒకే ఆర్డరులో 3 అని వేస్తే చాలు, మూడుసార్లు వెళ్లనక్కర్లేదు. ఈ పేపర్ రచయిత మీరేనా అన్నదానికి నిజం చెప్పాలి, ఎందుకంటే రచయితలకు షరతులు వేరు. అనువాదం చేస్తున్నారా అన్న ప్రశ్నను ఇంగ్లిష్‌లో థీసిస్ రాసేవాళ్లు 'నో' అని దాటొచ్చు. తెలుగులో థీసిస్ రాస్తూ బొమ్మలోని లేబుళ్లను తెలుగులోకి మారుస్తున్నవాళ్లు మాత్రం 'ఎస్' పెట్టాలి. లేబుల్ మార్చడమూ అనువాదమే.

'క్విక్ ప్రైస్' నొక్కితే 0.00 కనిపించాలి. అంకె వస్తే కార్డు తీయకుండా వెనక్కి వెళ్లి మొదటి ప్రశ్న మళ్లీ చూడండి, తప్పు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. ఇక్కడి దాకా లాగిన్ లేకుండానే రావొచ్చు, ఆర్డరు పెట్టడానికి మాత్రం ఖాతా కావాలి. ఆ తర్వాత థీసిస్ శీర్షిక, యూనివర్సిటీ పేరు, సమర్పించే తేదీ, వాడుకునే భాగం వివరం అడుగుతుంది. ఈ చివరి గడిలో 'ఒక బొమ్మ' అని రాసి ఊరుకోకూడదు. 'ఫిగర్ 3, ఫలానా పేజీ' అని, బొమ్మలో ఒక భాగం, అంటే ప్యానెల్, ఒక్కటే తీసుకుంటే 'ఫిగర్ 3బి' అని రాయాలి. లైసెన్సు మీద అచ్చయ్యేది ఇదే. రేపు ఎవరైనా ఈ లైసెన్సు ఏ బొమ్మకు అని అడిగితే దాన్నే చూపిస్తాం. శీర్షిక ఇంకా ఖాయం కాకపోతే సినాప్సిస్‌లో ఇచ్చిన శీర్షికే పెట్టండి, యూనివర్సిటీ రికార్డుతో పోలుతుంది.

రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ, ఐఓపీ లాంటివాటి పేపర్లకు ఇదే సంస్థ నడిపే 'మార్కెట్‌ప్లేస్' అనే మరో పేజీ తెరుచుకోవచ్చు. అక్కడ ప్రశ్నలు ఎక్కువ, మాటలు కాస్త తికమకగా ఉంటాయి. 'లైఫ్‌టైమ్ యూనిట్ క్వాంటిటీ' అంటే మొత్తం ఎన్ని ప్రతులు అని. థీసిస్‌కు అన్నిటికంటే చిన్న అంచె, 499 దాకా, చాలు. 'రైట్స్ రిక్వెస్టెడ్' దగ్గర 'మెయిన్ ప్రాడక్ట్', పంపిణీ 'వరల్డ్‌వైడ్'. 'మైనర్ ఎడిటింగ్ ప్రివిలేజెస్' అనే ప్రశ్నకు ఆలోచించి జవాబివ్వాలి: బొమ్మలో అక్షరాల సైజు పెంచినా, రంగులు మార్చినా, ఒక ప్యానెల్ కత్తిరించినా 'ఎస్' పెట్టడం మంచిది. ఇక్కడ కొన్ని అభ్యర్థనలు యంత్రంతో తేలకుండా ప్రచురణకర్త దగ్గరికి వెళ్తాయి. జవాబు వచ్చేదాకా ఆగాల్సిందే కాబట్టి ఇలాంటివి జాబితాలో ముందు పెట్టుకోవాలి.

లైసెన్సు కాగితం రాని చోట్లు

అమెరికన్ కెమికల్ సొసైటీ పేపర్లకు థీసిస్ అని ఎంచుకోగానే, రుసుము లేకుండా అనుమతి ఇచ్చామని తెర మీద ఒక పేజీ వస్తుంది. అదే అనుమతి పత్రం. మెయిలులో లైసెన్సు వస్తుందని కిటికీ మూసేస్తే చేతిలో రుజువు మిగలదు. అప్పటికప్పుడే ప్రింట్ నొక్కి పీడీఎఫ్‌గా దాచుకోవాలి. ఆ పేజీని నిదానంగా చదివితే ఆ సొసైటీ ఎంత ఉదారంగా ఉందో తెలుస్తుంది: అచ్చు ప్రతికి, ఎలక్ట్రానిక్ ప్రతికి, అనువాదానికి కూడా చెల్లుతుంది, బొమ్మను మార్చుకోవచ్చు, కొంత భాగమే వాడుకోవచ్చు. అనుమతి పత్రం ఎలా ఉండాలో చూపించడానికి దీన్ని మించింది లేదు.

ఐఈఈఈ కూడా థీసిస్‌కు విడిగా లైసెన్సు అక్కర్లేదంటుంది, కాకపోతే షరతుల పేజీని ప్రింటు తీసి ఉంచుకోమంటుంది. ప్రతి బొమ్మ దగ్గర కాపీరైట్ గుర్తు, సంవత్సరం, ఐఈఈఈ పేరు స్పష్టంగా కనిపించాలి. పేపర్‌లో పెద్ద భాగమే తీసుకుంటూ మీరు సీనియర్ రచయిత కాకపోతే ఆ సీనియర్ రచయిత ఒప్పుకోలు కూడా ఉండాలి. థీసిస్ ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు, మీ యూనివర్సిటీ ఉత్పత్తులను, సేవలను ఐఈఈఈ బలపరచడం లేదనే వాక్యం ఒకటి చేర్చాలి. ఆ వాక్యం వాళ్ల పేజీలోనే ఉంటుంది, ఖాళీలో యూనివర్సిటీ పేరు వేసుకుంటే సరిపోతుంది.

అసలు చిక్కు: రివ్యూ పేపర్లలోని బొమ్మలు

లిటరేచర్ రివ్యూ రాసేవాళ్లు సహజంగానే బొమ్మల్ని రివ్యూ పేపర్ల నుంచే తీసుకుంటారు. చక్కగా మూడు నాలుగు ప్యానెళ్లుగా కూర్చి ఉంటాయి, చూడ్డానికి బాగుంటాయి. ఆ బొమ్మ కింది క్యాప్షన్‌ను చివరి అక్షరం దాకా చదవండి. సాధారణంగా ఇలా ఉంటుంది: 'ఎ. రిఫరెన్స్ 47 నుంచి అనుమతితో, కాపీరైట్ అమెరికన్ కెమికల్ సొసైటీ. బి. రిఫరెన్స్ 52 నుంచి అనుమతితో, కాపీరైట్ వైలీ. సి. రిఫరెన్స్ 60 నుంచి అనుమతితో, కాపీరైట్ రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ.' రివ్యూ పేపర్ వచ్చింది ఎల్సెవియర్ పత్రికలోనే, కానీ ఈ బొమ్మలో ఎల్సెవియర్‌ది ఒక్క ప్యానెల్ కూడా లేదు. ఆ రివ్యూ రచయితలు తమ పేపర్ కోసం తీసుకున్న అనుమతి వాళ్ల వరకే. మనకు అది సంక్రమించదు.

ఇప్పుడు ఇదే బొమ్మకు రైట్స్‌లింక్‌లో అడిగి చూడండి. ఏ అభ్యంతరమూ చెప్పకుండా, 0.00 ధరకు, నంబరు వేసి మరీ ఎల్సెవియర్ పేరుతో లైసెన్సు ఇచ్చేస్తుంది. చేతిలో కాగితం ఉంది కాబట్టి పని అయిపోయిందనిపిస్తుంది. ఆ లైసెన్సు షరతులు చదివితే, ఈ పేపర్‌లో ఏ భాగానికైనా వేరే మూలం పేరు ఉంటే అనుమతి ఆ మూలం నుంచే తీసుకోవాలని అందులోనే రాసి ఉంటుంది. అంటే ఆ బొమ్మకు ఆ కాగితం పనికిరాదని ఆ కాగితమే చెప్తోంది. రైట్స్‌లింక్ పనిచేసేది డీఓఐ ఆధారంగా. డీఓఐ పేపర్ మొత్తానికి ఒకటే. లోపలి బొమ్మల యజమానుల పట్టిక దాని దగ్గర లేదు. థీసిస్ చివర వరసగా లైసెన్సులు జతచేసి ఉన్నా, వాటిలో ఇలాంటివి ఉంటే లేనట్టే లెక్క.

చేయాల్సింది మూలానికి వెళ్లడం. రిఫరెన్స్ 47 పేపర్ పేజీ తెరిచి, బొమ్మ నిజంగా అక్కడ ఉందో లేదో చూసి, అక్కడి క్యాప్షన్ కూడా చదివి, దానికి అనుమతి తీసుకోవాలి. ఒక్కోసారి రిఫరెన్స్ 47 కూడా ఇంకో రివ్యూనే అవుతుంది, మరో మెట్టు దిగాలి. నాలుగు ప్యానెళ్ల బొమ్మకు నాలుగు అనుమతులు కావాల్సి రావొచ్చు. ఇందులో ఒక లాభం కూడా ఉంది: మూలం పేపర్‌లో బొమ్మ మరింత స్పష్టంగా ఉంటుంది, కాపీల మీద కాపీలు తీయడంలో చెరిగిన స్కేల్ బార్లు, యాక్సిస్ అంకెలు అక్కడ సరిగ్గా కనిపిస్తాయి. మూలాన్ని చదవకుండా రివ్యూను మాత్రమే చదివి చేసే పొరపాట్లు కూడా దీంతో బయటపడతాయి.

'కర్టసీ ఆఫ్', 'ఆఫ్టర్', 'అడాప్టెడ్ ఫ్రమ్' అని ఉన్నా ఇదే పద్ధతి. క్యాప్షన్‌లో ఏ పేరూ లేకపోతే బొమ్మ ఆ పేపర్‌దే అనుకుని ముందుకెళ్లొచ్చు.

మళ్లీ గీస్తే అనుమతి అక్కర్లేదా?

ల్యాబుల్లో బాగా తిరిగే సలహా ఇది: 'ఒరిజిన్ (గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్)లో మళ్లీ గీసి అడాప్టెడ్ అని పెట్టెయ్యి, ఎవరూ అడగరు.' ఇందులో సగమే నిజం. కాపీరైట్ వాస్తవాలకు, అంకెలకు ఉండదు, వాటిని చూపించిన తీరుకు ఉంటుంది. పేపర్‌లోని డేటా పాయింట్లు తీసుకుని, మూడు నాలుగు పేపర్ల డేటాతో కలిపి, మన సొంత యాక్సిసులతో, మన పోలిక చూపించేలా కొత్త గ్రాఫు వేస్తే అది మన బొమ్మే. డేటా ఎక్కడిదో రిఫరెన్స్ ఇస్తే సరిపోతుంది. పరిశోధన పరంగా కూడా ఇదే మెరుగైన పని. ఒక యంత్రం స్కీమాటిక్‌నో, ఒక జీవకణం చిత్రాన్నో అవే భాగాలతో, అదే అమరికతో రంగులు మాత్రం మార్చి గీస్తే అది పాత బొమ్మకు మార్పు చేసిన రూపమే. దానికి అనుమతి కావాలి, క్యాప్షన్‌లో 'అడాప్టెడ్ విత్ పర్మిషన్' అని ఉండాలి. ఫొటోలు, ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చిత్రాల విషయంలో మళ్లీ గీయడమన్న ప్రశ్నే లేదు.

మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మాటేమిటని కొందరు అడుగుతారు. పరిశోధనతో సహా సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు చేసే న్యాయమైన వాడకం ఉల్లంఘన కాదని అక్కడ ఉన్న మాట నిజమే. పేపర్ కాపీ తీసుకుని చదువుకోవడానికి, రెండు మూడు వాక్యాలు కోట్ చేసి చర్చించడానికి ఆ సెక్షన్ ధైర్యంగా వాడుకోవచ్చు. ప్రపంచమంతా దించుకునే పీడీఎఫ్‌లో పూర్తి బొమ్మను ఉన్నదున్నట్టు పెట్టడానికి మాత్రం దాని మీద ఆధారపడటం మంచిది కాదు. పైసా ఖర్చు లేకుండా రాతపూర్వక అనుమతి దొరికేచోట వాదనతో పనేముంది?

ఓపెన్ యాక్సెస్ పేపర్లు, మన సొంత పేపర్లు

పేపర్ మీద సీసీ బై (మూలం చెప్పి ఎవరైనా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్) లైసెన్సు ఉంటే రైట్స్‌లింక్ గడప తొక్కనక్కర్లేదు. రచయితల పేర్లు, మూలం, లైసెన్సు పేరు, మార్పులు చేస్తే చేశామన్న మాట, ఇవి క్యాప్షన్‌లో ఉంటే అనుమతి ఉన్నట్టే. సీసీ బై ఎన్‌సీ ఎన్‌డీ అయితే జాగ్రత్త: వాణిజ్య వాడకం కుదరదు, మార్పులు చేసిన బొమ్మను పంచకూడదు. ప్యానెల్ కత్తిరించి లేబుళ్లు మార్చి పెట్టాలనుకుంటే ప్రచురణకర్తను అడగాలి. ఉచితంగా చదవడానికి తెరుచుకున్న ప్రతి పేపరూ ఓపెన్ యాక్సెస్ కాదు. లైసెన్సు పేరు పేపర్ మీద కంటికి కనిపించాలి. ఓపెన్ యాక్సెస్ పేపర్‌లో కూడా వేరేవాళ్ల నుంచి తెచ్చిన బొమ్మకు ఆ సీసీ లైసెన్సు వర్తించదు, ఇక్కడ కూడా క్యాప్షన్‌దే తుదిమాట.

సొంత పేపర్లను థీసిస్‌లో చేర్చుకోవడానికి ఎల్సెవియర్ విడిగా అనుమతి అడగదు, మూలం పేర్కొంటే చాలంటుంది. ఐఈఈఈ దగ్గర ఒక మెలిక ఉంది. థీసిస్ ఆన్‌లైన్‌లోకి వెళ్తుంటే అచ్చయిన పీడీఎఫ్ కాకుండా ఆమోదం పొందిన రాతప్రతి రూపాన్నే పెట్టాలి. ఎక్స్‌ప్లోర్ నుంచి దించిన రెండు కాలమ్‌ల పేజీలను యథాతథంగా అనుబంధంలో కుట్టేసిన థీసిస్‌లు శోధ్‌గంగలో బోలెడు కనిపిస్తాయి. ఆ పొరపాటు చేయకండి.

పుస్తకానికి ఎందుకు రెండే మార్కులు

థీసిస్‌కు ఇచ్చిన లైసెన్సు థీసిస్‌కే. రేపు అదే చాప్టర్‌ను రివ్యూ పేపర్‌గా పంపినా, పుస్తకంగా వేసినా ప్రతి బొమ్మకూ మళ్లీ మొదటి నుంచి అనుమతి తీసుకోవాలి, అప్పుడు సున్నా ధర ఉంటుందన్న భరోసా లేదు. పుస్తకం అని ఎంచుకోగానే ప్రతుల సంఖ్య, ఫార్మాట్, ఎవరు ప్రచురిస్తున్నారు అన్నవాటిని బట్టి ధర డాలర్లలో లెక్కపడుతుంది. తక్కువ ప్రతులు వేసే తెలుగు పాపులర్ సైన్స్ పుస్తకం పరిస్థితి వివరించి తగ్గించమని అడగడానికి ఆ ఫారంలో చోటు లేదు. అలాంటప్పుడు ఆర్డరు పెట్టకుండా ప్రచురణకర్త పర్మిషన్స్ విభాగానికి నేరుగా మెయిల్ రాసి, ప్రతులెన్ని, ధరెంత, ఏ భాషలో అని వివరంగా చెప్పి అడగాలి. లేదంటే సీసీ బై బొమ్మలు వెతుక్కోవాలి, సొంతంగా చిత్రకారుడితో కొత్తగా గీయించుకోవాలి. ధర కట్టే లైసెన్సు తీసుకుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి: డబ్బు పూర్తిగా చేరేదాకా ఆ లైసెన్సు పక్కాగా చెల్లదని షరతుల్లోనే ఉంటుంది. ఇన్వాయిస్ పెట్టించుకుని మర్చిపోతే చేతిలో ఉన్న నంబరు వల్ల లాభం లేదు.

పత్రికకు రాసేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. ఎస్‌టీఎం అనే ప్రచురణకర్తల సంఘం మార్గదర్శకాల మీద సంతకం చేసిన సంస్థలు పరస్పరం ఒక పేపర్ నుంచి మూడు బొమ్మల దాకా, 400 పదాల లోపు పాఠం దాకా రుసుము లేకుండా ఇచ్చుకుంటాయి. మీ పేపర్ వేసే సంస్థ, బొమ్మ ఉన్న సంస్థ రెండూ ఆ జాబితాలో ఉన్నాయేమో ముందు చూసుకోండి.

క్యాప్షన్, అనుబంధం

అనుమతి తీసుకుని క్యాప్షన్ తప్పు రాస్తే షరతు మీరినట్టే. ఒక్కో సంస్థ వాక్యం ఒక్కోలా ఉంటుంది. అమెరికన్ కెమికల్ సొసైటీకి 'రీప్రింటెడ్ విత్ పర్మిషన్ ఫ్రమ్' అని మొదలుపెట్టి, పూర్తి రిఫరెన్స్, ఆపైన కాపీరైట్ సంవత్సరం, సొసైటీ పేరు. ఎల్సెవియర్‌కు పత్రిక, సంపుటం, రచయితలు, శీర్షిక, పేజీలు, కాపీరైట్ సంవత్సరం, చివర 'విత్ పర్మిషన్ ఫ్రమ్ ఎల్సెవియర్'. లైసెన్సు పీడీఎఫ్‌లో ఏ వరస ఇచ్చారో అదే దించండి. 'అనుమతితో' అన్న మాట లేకుండా రిఫరెన్స్ నంబరు ఒక్కటే పెట్టడం చాలదు.

బొమ్మ తీసుకున్న రోజే ఒక ఎక్సెల్ షీటులో వరస వేసుకోవాలి: థీసిస్‌లో బొమ్మ నంబరు, మూలం డీఓఐ, అక్కడి బొమ్మ నంబరు, ప్రచురణకర్త, లైసెన్సు నంబరు, తేదీ, క్యాప్షన్ వాక్యం. చివర్లో ముప్పై బొమ్మల మూలాలు వెతకడం కంటే ఇది ఎంతో సులువు. లైసెన్సు పీడీఎఫ్‌లు యూనివర్సిటీకి ఇవ్వండి, శోధ్‌గంగకు వెళ్లే ప్రతిలో మాత్రం ఆ పట్టిక ఒక్కటే పెట్టడం మేలు. లైసెన్సు మీద ఖాతాదారు చిరునామా ఉంటుంది, అది లోకమంతా చదవాల్సిన పనిలేదు.

రైట్స్‌లింక్‌లో దొరకనివి

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ పుస్తకాల లాంటివి బ్రిటన్‌లోని పీఎల్ఎస్‌క్లియర్ అనే అనుమతుల సైటు ద్వారా వెళ్తాయి. అక్కడ ఐఎస్‌బీఎన్ కొట్టి, ఏ పేజీ, ఏ బొమ్మ అని చెప్పి అభ్యర్థన పంపాలి. అడగడానికి రుసుము లేదు, జవాబు మాత్రం అప్పటికప్పుడు వస్తుందనుకోకూడదు.

తెలుగు సాహిత్యం మీద పనిచేసేవాళ్లకు ఈ సైట్లేవీ అక్కరకు రావు. అక్కడ మొదట చూడాల్సింది రచయిత మరణించిన సంవత్సరం. మన చట్టంలో కాపీరైట్ ఆ మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలు ఎవరైనా వాడుకోవచ్చు. 1983లో పోయిన శ్రీశ్రీ కవితలకు 2043 ఆఖరు దాకా హక్కు ఉంది. విశ్లేషణ కోసం నాలుగు పంక్తులు ఉదాహరించడానికి అనుమతి అక్కర్లేదు గానీ, పూర్తి కవితలో, అచ్చుకాని ఉత్తరాలో, ఛాయాచిత్రాలో అనుబంధంలో పెట్టాలంటే హక్కుదారు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఫోన్‌లో 'వాడుకోండి బాబూ' అన్న మాట చెల్లదు, 30వ సెక్షన్ ప్రకారం లైసెన్సు కాగితం మీదే ఉండాలి.

ఆ లేఖ మీరే తయారుచేసి సంతకానికి తీసుకెళ్లండి. ఏ రచన, ఏ ప్రచురణ, ఏ పేజీలు అన్నది మొదట. సంతకం చేసేవారికి హక్కు ఎలా వచ్చింది అన్నది తర్వాత: రచయితా, వారసులా, హక్కులు రాయించుకున్న ప్రచురణకర్తా? వారసులు ఒకరికంటే ఎక్కువ ఉంటే అందరి సంతకాలూ, లేదా ఒకరికి మిగతావారు ఇచ్చిన అధికార పత్రమూ కావాలి. థీసిస్ అచ్చు ప్రతికీ, శోధ్‌గంగ ఎలక్ట్రానిక్ ప్రతికీ కలిపి అని విడమరచి రాయండి. కాలాన్నీ ప్రాంతాన్నీ అసలు మరవద్దు. రాయకపోతే చట్టం తనంతట తానే కాలాన్ని ఐదేళ్లుగా, ప్రాంతాన్ని భారతదేశంగా లెక్కవేస్తుంది. శోధ్‌గంగలో పీడీఎఫ్ ఐదేళ్లకు తీసేయరు, దాన్ని డాలస్‌లోనూ చదువుతారు. అందుకే 'కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా' అని రాసి, కింద తేదీ వేయించండి.